గుండెపోటు తర్వాత ఇంటికి: భయం తగ్గేలా డిశ్చార్జ్‌కి ఎలా సిద్ధం కావాలి

"స్టెంట్ వేశారు, అంతా బాగుందన్నారు. మరి నాన్న రాత్రంతా మంచం మీద కూర్చునే ఉంటున్నారు సిస్టర్. ఏం చెయ్యాలి?"

గుండె వార్డులో పనిచేసిన ఇన్నేళ్లలో నాకు ఎక్కువగా వచ్చిన ఫోను ఇదే. పేషెంటు ఇంటికెళ్లిన వారం తిరక్కుండా వస్తుంది. ఒక పెద్దాయన అయితే ఇంటికెళ్లిన మూడో రాత్రి రెండు గంటలకు మళ్లీ క్యాజువాలిటీకి వచ్చేశారు. ఈసీజీలో కొత్త మార్పేమీ లేదు, రక్తపరీక్షా బాగానే ఉంది. తెల్లారాక పక్కన కూర్చుని అడిగితే అసలు సంగతి చెప్పారు: "ఇక్కడైతే ఆ పెట్టెలో గీతలు కదులుతుంటే నా గుండె ఆడుతోందని తెలిసేదమ్మా. ఇంట్లో ఎవరు చూస్తారు?"

ఆ మాట నాకు చాలా నేర్పింది. ఆయనకు మందులన్నీ రాసిచ్చాం, తినవలసినవీ తినకూడనివీ చెప్పాం. రాత్రి గుండె దడదడలాడితే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. గుండెపోటు వచ్చిన మనిషి "ఏమీ కాదులే, ధైర్యంగా ఉండు" అన్న మాటతో కుదుటపడడు. ఏదైనా అయితే ఏం చేయాలో తనకే తెలిసినప్పుడు కుదుటపడతాడు. ఆ తెలియజెప్పడం ఆసుపత్రిలో ఉండగానే జరిగిపోవాలి. ఎలాగో వరసగా చెబుతాను.

ముందుగా సమకూర్చుకోవలసినవి

- కాగితాలన్నీ పట్టే ఒక ఫైలు, ఒక నోటు పుస్తకం
- వారం రోజుల గడులున్న మందుల డబ్బా (దొరక్కపోతే ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని రాసిన మూడు చిన్న డబ్బాలు చాలు)
- భుజం కింద కట్టే రకం బీపీ మెషీన్. మణికట్టుకు కట్టేవి సరిగ్గా పెట్టకపోతే అంకెలు తప్పుగా చూపిస్తాయి, దాంతో కంగారు ఇంకా పెరుగుతుంది.
- గుండె పంపింగ్ తగ్గిందని డాక్టరు చెప్పి ఉంటే బరువు చూసుకునే మెషీన్
- బాధ్యత తీసుకునే ఒక్క మనిషి. ఇంట్లో నలుగురున్నా మందులు, డాక్టరుతో మాటలు, ఫైలు ఒకరి చేతిలోనే ఉండాలి. నలుగురూ చూసుకుంటున్నారంటే ఒక్కోసారి ఎవరూ చూడటం లేదనే అర్థం.

1. ఐసీసీయూ (గుండె రోగుల ఐసీయూ) నుంచి వార్డుకు మార్చిన రోజే మొదలుపెట్టండి

డిశ్చార్జ్ రోజు ఎలా గడుస్తుందో అటెండెంటుగా ఉన్నవాళ్లందరికీ తెలుసు. పొద్దున రౌండ్స్‌లో "ఇవాళ వెళ్లొచ్చు" అంటారు. బిల్లింగ్ కౌంటరు, ఇన్సూరెన్స్ అప్రూవల్, ఆరోగ్యశ్రీ సంతకాలు అయ్యేసరికి సాయంత్రం అవుతుంది. డ్యూటీ మారే వేళకు సమ్మరీ చేతికొస్తుంది. సిస్టరు రెండు నిమిషాల్లో మందులు చెప్పేస్తుంది. అప్పటికి మీరు కారు ఎక్కడ పెట్టారా అని ఆలోచిస్తుంటారు.

అందుకే ఒక రోజు ముందే అడగండి: "రేపో ఎల్లుండో పంపిస్తారు కదా, ఒక పది నిమిషాలు మాతో కూర్చుని చెప్పగలరా?" మధ్యాహ్నం భోజనాల తర్వాత వార్డు కాస్త నిమ్మళంగా ఉంటుంది, అప్పుడు అడిగితే ఎక్కువ చోట్ల కాదనరు. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు దొరకడం కష్టమైతే పీజీ డాక్టరునో, హెడ్ సిస్టరునో అడగండి. ఆరోగ్యశ్రీ కింద గానీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద గానీ చేయించుకున్నవాళ్లు కౌంటరులో ఉండే మిత్రను (పథకం తరఫున సాయపడే మనిషిని) కలిసి, తర్వాతి చెకప్‌లూ మందులూ పథకంలోకి వస్తాయో లేదో ఇంటికి వెళ్లకముందే కనుక్కోండి. డబ్బు బెంగ కూడా గుండె మీద బరువే. చాలామంది మగవాళ్లు అది పైకి చెప్పరు.

2. పేషెంటును ముందు పెట్టుకునే మాట్లాడండి

మన ఇళ్లలో అలవాటుగా చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. "ఆయనకు చెప్పకండి డాక్టరుగారూ, భయపడతారు" అని బయటికి తీసుకెళ్లి గుసగుసలాడతాం. మంచం మీదున్న మనిషికి అది కనబడుతూనే ఉంటుంది. దాస్తున్నారంటే ఏదో పెద్దదే అయి ఉంటుందని తనకు తోచినట్టు ఊహించుకుంటారు. ఆ ఊహ చాలాసార్లు అసలు సంగతికన్నా భయంకరంగా ఉంటుంది.

ముందుగా ఆయన్నే అడగండి: "ఇంటికెళ్లాక మీకు దేని గురించి బెంగగా ఉంది?" అడిగి ఊరుకోండి, వెంటనే ధైర్యం చెప్పకండి. వచ్చే జవాబులు మీరు అనుకున్నవి కాకపోవచ్చు. స్టెంట్ జారిపోతుందేమోనని కొందరు, నిద్రలో పోతానేమోనని కొందరు, పొలానికి మందు ఎవరు కొడతారని కొందరు. అవన్నీ నోటు పుస్తకంలో రాసి, డాక్టరు వచ్చినప్పుడు ఒక్కొక్కటీ అడగండి. స్టెంట్ సంగతి ఇప్పుడే చెప్పేస్తాను: అది నాళం మూసుకోకుండా పెట్టే సన్నటి జాలీ గొట్టం. రక్తనాళం గోడకు అదుముకుని ఉంటుంది, మెల్లగా దాని మీద పొర పెరుగుతుంది. నడిచినా, దగ్గినా, పక్కకు తిరిగి పడుకున్నా జారదు.

పేషెంటు అమ్మ అయితే ఈ ప్రశ్న రెండుసార్లు అడగండి. మొదటిసారి "నాకేం బెంగ లేదు" అనే అంటుంది. ఇంటికెళ్లిన మర్నాడే వంటింట్లో నిలబడుతుంది. వంట ఎవరు చేస్తారు, నీళ్లు ఎవరు పడతారు అన్నది డిశ్చార్జ్‌కు ముందే తేల్చి, ఆ మాట ఆమెకు చెప్పండి.

3. డిశ్చార్జ్ సమ్మరీని మీ భాషలో చెప్పించుకోండి

రాత్రిపూట ఫోనులో ఒక్కో అక్షరం వెతుక్కుని హడలిపోయేవాళ్లను ఎందరినో చూశాను. తరచుగా కనిపించేవి ఇవి:

- ఏడబ్ల్యూఎంఐ, ఐడబ్ల్యూఎంఐ: గుండెకు ముందువైపు, కిందివైపు వచ్చిన పోటు
- ఎల్ఏడీ, ఎల్‌సీఎక్స్, ఆర్‌సీఏ: గుండెకు రక్తం ఇచ్చే మూడు ముఖ్య నాళాలు
- ఎస్‌వీడీ, డీవీడీ, టీవీడీ: ఒకటి, రెండు, మూడు నాళాల్లో అడ్డు
- పీటీసీఏ, డీఈఎస్: బెలూన్‌తో నాళం తెరవడం, మందు పూత ఉన్న స్టెంట్

వీటన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది ఈఎఫ్. "ఈఎఫ్ 45 శాతం" అని చూసి, గుండె సగం పాడైపోయిందని ఇల్లంతా ఏడ్చిన కుటుంబాలున్నాయి. ఈఎఫ్ అంటే గుండె ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్కో కొట్టుకు ఎంత శాతం బయటికి వెళుతుందన్నది. ఆరోగ్యంగా ఉన్న గుండెకే అది సుమారు 55 నుంచి 70 ఉంటుంది, 100 ఎవరికీ ఉండదు. 45 అంటే కొంచెం తగ్గింది, అంతే. పోటు వచ్చిన కొత్తలో కండరం మొద్దుబారి ఉంటుంది కాబట్టి, మందులతో కొన్ని వారాల్లో కోలుకునే అవకాశం కూడా ఉంది. మళ్లీ 2డి ఎకో (గుండె స్కాన్) ఎప్పుడు తీయాలో అడిగి తేదీ రాసుకోండి. 40 కన్నా తక్కువ అని ఉంటే నీళ్లెన్ని తాగాలి, ఉప్పెంత తినాలి అన్నవి ప్రత్యేకంగా అడగాలి. రోజూ పొద్దున బరువు చూడాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, కాళ్లు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి ఫోను చేయండి.

చివరి ఈసీజీని వెలుతురులో స్పష్టంగా ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. రేపు ఏ ఊళ్లో ఏ క్యాజువాలిటీకి వెళ్లినా, పాత ఈసీజీ పక్కన పెట్టి చూస్తే కొత్త మార్పు ఉందో లేదో అక్కడి డాక్టరు త్వరగా చెప్పగలుగుతారు. అనవసరమైన రాత్రులు ఎన్నో దీనివల్ల తప్పుతాయి. యాంజియోగ్రామ్ సీడీ కూడా ఫైల్లో ఉందో లేదో చూసుకోండి.

4. మందుల పట్టిక సొంత చేతివ్రాతతో రాయండి

మందు పేరు, దేనికి, ఎప్పుడు, ఎన్నాళ్లు: నాలుగు గడులు చాలు. "దేనికి" అన్న గడి తప్పక ఉండాలి. దేనికో తెలియని మాత్రనే జనం మొదట మానేస్తారు.

స్టెంట్ వేసినవాళ్లకు సాధారణంగా రక్తం గడ్డకట్టకుండా రెండు మందులుంటాయి: యాస్పిరిన్, దానితోపాటు క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలర్ గానీ. ఎక్కువమందికి ఈ రెండూ ఏడాది పాటు వాడమంటారు, మీకెన్నాళ్లో మీ డాక్టరే చెప్పాలి. వీటిని ఎవరు చెప్పినా సొంతంగా ఆపకండి. పంటి డాక్టరు ఆపమన్నా ముందు గుండె డాక్టరుకు ఫోను చేయండి. ఇలా సొంతంగా ఆపేయడమే స్టెంట్ మూసుకుపోవడానికి పెద్ద తోవ.

కొన్ని మందులు చేసే పనులే మళ్లీ గుండెపోటేమోనన్న భయాన్ని పుట్టిస్తాయి. ముందే తెలిస్తే అంత హడలు ఉండదు:

- టికాగ్రెలర్‌తో కొందరికి ఉన్నట్టుండి ఊపిరి చాలనట్టు అనిపిస్తుంది. డాక్టరుకు చెప్పాలి, మాత్ర మాత్రం ఆపకూడదు. ఆయాసం ఎక్కువైనా, తగ్గకపోయినా మందువల్లే అనుకుని ఇంట్లో కూర్చోకండి.
- మెటోప్రొలాల్ లాంటివాటితో నీరసం, కొందరికి పీడకలలు వస్తాయి.
- రామిప్రిల్‌తో పొడిదగ్గు రావచ్చు. బదులు వేరే మందు ఉంది.
- అటోర్వాస్టాటిన్‌తో కండరాల నొప్పులు వస్తే చెప్పండి.

మందుల షాపులో అదే మందు వేరే కంపెనీ పేరుతో ఇస్తారు. పాత స్ట్రిప్పులు కూడా ఇంట్లో ఉంటే రెండూ వేసేసుకున్నవాళ్లున్నారు. స్ట్రిప్పు మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరును పట్టికతో పోల్చి చూడండి. ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి అడగకుండా కొనకండి.

5. ఒకే ఒక్క కాగితం: "నొప్పి వస్తే"

ఇన్ని కాగితాల్లో ఏ ఒక్కటి తయారుచేసుకున్నా ఇది చేసుకోండి. ఒక ఎర్ర గీత, ఒక పచ్చ గీత గీసి, వాటి కింద ఈ సంగతులు పెద్ద అక్షరాలతో రాసి మంచం పక్క గోడకు అతికించండి. రాసింది డాక్టరుకో సిస్టరుకో చూపించి సరేననిపించుకోండి.

*ఎర్ర గీత కింద:* ఛాతీ మీద బరువు పెట్టినట్టు, పిండేసినట్టు నొప్పి. ఎడమ చేయి, దవడ, వీపుకు పాకడం. చల్లటి చెమటలు, ఆయాసం, కళ్లు తిరగడం. ఇలా అయితే చేస్తున్న పని ఆపి కూర్చోవాలి. డాక్టరు నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ రాసి ఉంటే కూర్చునే ఒకటి పెట్టుకోవాలి, నిలబడి పెట్టుకుంటే బీపీ తగ్గి కింద పడిపోవచ్చు. ఐదు నిమిషాల్లో తగ్గకపోయినా, పెరుగుతున్నా 108. మాత్ర లేకపోతే ఎదురుచూడకుండా 108. సొంతంగా బండి నడపకూడదు. బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లకూడదు.

*పచ్చ గీత కింద:* వేలితో ఇక్కడే అని చూపించగలిగే సూదిపోటు, రెండు మూడు సెకన్లలో పోయేది, పక్కకు తిరిగితే మారేది. చేతి దగ్గర ట్యూబు పెట్టినచోట నీలంగా కమలడం. ఇవి చాలామందికి ఉంటాయి. పుస్తకంలో రాసుకుని తర్వాతి చెకప్‌లో చెప్పొచ్చు.

*మధ్యలో:* ఏదో తేలక భయమేస్తే ఎర్ర గీతగానే లెక్కవేయండి. గాభరా వల్ల వచ్చిన దడో గుండె వల్ల వచ్చిన దడో ఇంట్లో కూర్చుని తేల్చడం ఎవరి వల్లా కాదు. షుగరున్నవాళ్లకూ ఆడవాళ్లకూ పోటు నొప్పి లేకుండా, ఉత్త ఆయాసంగానో వికారంగానో కూడా రావచ్చు. "మొన్న కూడా ఏమీ లేదన్నారు, మళ్లీ వెళితే నవ్వుతారు" అని ఆగకండి. ఎవరూ నవ్వరు.

ఇంకో జాగ్రత్త: మగతనానికి వాడే సిల్డెనాఫిల్, టడలాఫిల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు సార్బిట్రేట్ వాడితే ప్రాణం మీదికి వస్తుంది. సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి.

6. తిరిగి చెప్పించుకోండి

"అర్థమైందా?" అంటే ఎవరైనా తలూపుతారు. అలా అడక్కండి. "రాత్రి రెండు గంటలకు ఛాతీ పట్టేసింది. ఇప్పుడు మీరేం చేస్తారు, చెప్పండి" అని పేషెంటునే అడగండి. తర్వాత ఇంట్లో పక్కన పడుకునే మనిషిని కూడా అడగండి. కూర్చోవడం, మాత్ర, ఐదు నిమిషాలు, 108. ఈ వరస తడుముకోకుండా వస్తే పాసైనట్టు. తడబడితే తప్పు వాళ్లది కాదు, మనం చెప్పిన తీరుది. మళ్లీ చెప్పి మళ్లీ అడగండి. రెండో మూడోసారికి వస్తుంది. వచ్చినప్పుడు ఆ ముఖంలో కనబడే తేడా చూడండి.

108కి ఫోను చేసే పనిని ఎవరో ఒకరికి పేరు పెట్టి అప్పగించండి. ఇంటికి గుర్తుగా చెప్పే గుడి, బడి, వాటర్ ట్యాంకు పేరు కూడా ఆ కాగితం మీదే రాయండి. గాభరాలో సొంత వీధి పేరే గుర్తురాదు.

పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి ఇద్దరు పెద్దవాళ్లే ఇంట్లో ఉంటే, సిస్టరు చెప్పేటప్పుడు పిల్లల్ని వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి. పక్కింటివాళ్లకు ఒక తాళంచెవి ఇవ్వండి. రాత్రిళ్లు తలుపు లోపల గడియ పెట్టకుండా తాళం మాత్రమే వేసుకోమనండి, లేకపోతే ఆ చెవితో పని ఉండదు.

7. మొదటి మూడు రాత్రులు

పగలు ఎవరో ఒకరు ఉంటారు. దీపాలు ఆర్పాకే అన్నీ గుర్తొస్తాయి. ఈ మూడు రాత్రులకు ముందే ఏర్పాటు చేసుకోండి.

- ఒకరు అదే గదిలో పడుకోవాలి. చిన్న లైటు వేసి ఉంచండి.
- ఫోను, నీళ్లు, మాత్ర, కాగితం చేయి చాపితే అందేలా ఉండాలి.
- దడగా ఉందంటే ముందు ఎర్ర గీత కింద రాసినవి ఉన్నాయేమో అడగండి. ఏవీ లేకపోతే పక్కన కూర్చుని కలిసి ఊపిరి తీయండి: ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా బయటికి, ఐదు నిమిషాలు. అప్పటికీ దడ తగ్గకపోయినా, ఏదో తేలకపోయినా ఎర్ర గీతగానే లెక్క. ఊపిరి బిగబట్టించే ప్రాణాయామాలు డాక్టరును అడిగే వరకు వద్దు.
- నిద్రమాత్ర ఇంట్లో ఉందని ఇచ్చేయకండి.

ఇక బీపీ మెషీన్. భయపడినప్పుడల్లా చూడటం, ఎక్కువొచ్చిందని మళ్లీ చూడటం, రాత్రికి పదిహేనుసార్లు. భయానికే బీపీ పెరుగుతుంది, ఆ అంకె చూసి భయం పెరుగుతుంది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక చూడండి. మిగతా వేళల్లో మెషీన్ బీరువాలో పెట్టండి. వేలికి పెట్టుకునే ఆక్సీమీటరుకూ ఇదే మాట.

8. ఏ పని ఎప్పుడో రాయించుకోండి

"రెస్టు తీసుకోండి" అన్న ఒక్క మాటతో పంపిస్తే మనిషి మంచం దిగడు. దిగకపోయేకొద్దీ తాను ఇక పనికిరాననుకుంటాడు. నడక, మెట్లు, స్నానం, బండి, పని, ఒక్కోదానికీ తేదీ అడిగి రాసుకోండి.

మామూలుగా కోలుకుంటున్నవాళ్లకు ఐదు నిమిషాల చొప్పున రోజుకు రెండుసార్లు ఇంట్లోనో వాకిట్లోనో నడకతో మొదలుపెట్టించి, రోజూ ఒకటి రెండు నిమిషాలు పెంచుకుంటూ పోమంటారు. నడుస్తూ మాట్లాడగలగాలి. మాట తెగుతుంటే వేగం ఎక్కువైనట్టు. మొదటి రోజుల్లో తోడు వెళ్లండి, తర్వాత ఒంటరిగా పంపండి. ఎప్పుడూ వెంటే ఉంటే, తను ఒంటరిగా నడవలేడేమోనన్న అనుమానం ఆయనలో స్థిరపడుతుంది. చేతి దగ్గర నుంచి స్టెంట్ వేసి ఉంటే ఆ చేత్తో కొన్నాళ్లు బరువులు ఎత్తకూడదు. అక్కడ రక్తం వస్తే గట్టిగా నొక్కిపెట్టి పది నిమిషాలు ఉంచండి. ఆగకపోయినా, ఉబ్బు పెరుగుతున్నా ఆసుపత్రికి వెళ్లండి.

దాంపత్యం గురించి మన దగ్గర ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. భార్యాభర్తలిద్దరూ లోలోపల భయపడుతూ ఏళ్లు గడిపేస్తారు. రెండంతస్తుల మెట్లు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగితే చాలామందికి ఇబ్బంది ఉండదు. మీ సంగతి డాక్టరును నేరుగా అడగండి. నోటితో అడగలేకపోతే చీటీ మీద రాసివ్వండి.

9. పరామర్శలకు హద్దు పెట్టండి

ప్రేమతోనే వస్తారు. వచ్చి, "మా తోడల్లుడికి కూడా ఇలాగే స్టెంటు వేశారు, ఆర్నెల్లు తిరగలేదు..." అని మొదలుపెడతారు. మీరు గుమ్మంలోనే మెల్లగా చెప్పండి: "డాక్టరుగారు పది నిమిషాలకు మించి మాట్లాడించొద్దన్నారు బాబాయ్, జబ్బు సంగతులు కూడా వద్దన్నారు." ఆ మాట చెప్పమని డాక్టరు దగ్గర ముందే అడిగి పెట్టుకోండి, ఏ డాక్టరైనా ఒప్పుకుంటారు. సంతోషంగా మాట్లాడే పాత స్నేహితుణ్ణి మాత్రం రోజూ రమ్మనండి.

10. రెండు వారాలకు పరీక్ష

క్యాలెండరులో డిశ్చార్జ్ అయిన పద్నాలుగో రోజు చుట్టి పెట్టండి. ఆ రోజు పేషెంటును రెండు ప్రశ్నలు అడగండి. గత రెండు వారాల్లో ఎంత తరచుగా: (అ) గాభరాగా, ఆందోళనగా అనిపించింది? (ఆ) బెంగ ఆపుకోవాలన్నా ఆపుకోలేకపోయారు? అసలు లేదంటే 0, కొన్ని రోజులంటే 1, సగం రోజులకు పైగా అంటే 2, దాదాపు రోజూ అంటే 3. రెండూ కూడితే 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరుకు చెప్పాల్సిందే. డాక్టర్లు జల్లెడ పట్టడానికి వాడే ప్రశ్నలే ఇవి. జబ్బు తేల్చేది మాత్రం డాక్టరే.

అంకె తక్కువొచ్చినా ఇవి గమనించండి: మందులు దాటేస్తున్నారా, గడప దాటడం మానేశారా, మనవలతో మాట తగ్గిందా, ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారా. ఇవి వయసు వల్ల వచ్చినవని సరిపెట్టుకోకండి. కౌన్సెలింగుతో, అవసరమైతే మందుతో తగ్గుతాయి. గుండె మందులతో కలిపి వాడదగిన మందులు కూడా ఉన్నాయి, ఏది అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. చచ్చిపోతే బాగుండునన్న మాట వస్తే మాత్రం చెకప్ తేదీ కోసం ఆగకండి, మనిషిని ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

దగ్గర్లో మానసిక వైద్యులు లేకపోతే 14416కి ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ అది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఫోను మీరు కలిపి స్పీకరులో పెట్టి, పేషెంటు చేతికివ్వండి. ఆయన మాట్లాడటం మొదలుపెట్టాక మీరు కాసేపు గది బయట కూర్చోండి. ఇంట్లోవాళ్ల ముందు చెప్పలేని మాటలు కొన్ని ఉంటాయి.